కొయ్య అచ్చులు – రెండు తీరములు

కళలకు పోషకులు కావలెనని పెద్దలు చెప్పుదురు. పోషకులకంటె ముందు శాంతి కావలెనని మాకు తోచుచున్నది. ఇందుకు జపాను చరిత్రయే నిదర్శనము.

1603లో తొకుగావా వంశము అధికారమునకు వచ్చినది. 17వ శతాబ్ది మధ్యనుండి సుమారు రెండు శతాబ్దములు ఆ దేశము పెద్ద యుద్ధములను ఎరుగదు. ఖడ్గమునకు పని తగ్గి, ఉలికి పని పెరిగినది. ఎడో నగరము విస్తరించినది, వర్తకులు ధనవంతులైరి, సామాన్యుల బిడ్డలు చదువ నేర్చిరి. పుస్తకములకు, పటములకు గిరాకి హెచ్చినది. ప్రకాశకుడు పెట్టుబడి పెట్టును, చిత్రకారుడు గీయును, ఒకడు చెర్రీ పలకపై చెక్కును, మరియొకడు రంగులద్ది కాగితముపై ఒత్తును. 1765 నాటికి హరునోబు చిత్రములతో బహువర్ణముద్రణము వెలసినది. రంగు రంగునకు వేరు పలక! హొకుసాయి గీచిన మహాతరంగము నేడు లోకమెల్ల ఎరిగినది. దానిని చెక్కిన చేయి ఎవరిదో ఎందరు ఎరుగుదురు?

ఆ కాలముననే మన తీరమునందును కొయ్య అచ్చు వర్ధిల్లినది. గోలకొండ సుల్తానుల ఏలుబడిలో మచిలీపట్నము అద్దకపు వస్త్రములు పారశీకమునకు పోయెడివి. నెల్లూరికి దక్షిణమున పులికాట్‌లో స్థిరపడిన డచ్చివారు కోరమాండల్ వస్త్రములను నాగసాకికి చేర్చిరి. జపానువారు వానిని ‘సరస’ యని పిలిచి, తేనీటి పాత్రల సంచులుగా కుట్టించుకొని దాచుకొనిరి. ‘కలంకారీ’ యను మాట పారశీకము: కలమ్ అనగా లేఖిని, కారీ అనగా పని. మా కళాశాలలో ఉర్దూ చదువువారికిని, తెలుగు చదువువారికిని ఈ ఒక్క మాట ఉమ్మడి సొత్తు.

పెడనలో నేటికిని టేకు అచ్చులు చెక్కుచున్నారు. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీట ముంచుదురు. ఇనుము, బెల్లము నానబెట్టి నలుపును, పటికతో ఎరుపును తెత్తురు. 1687లో గోలకొండ పతనము, 1864 నాటి ఉప్పెన, పిమ్మట మిల్లు గుడ్డ ఈ కళను దెబ్బతీసినవి. నేడు యంత్రముపై ముద్రించిన గుడ్డయు ‘కలంకారీ’ పేరుతోనే చౌకగా అమ్ముడగుచున్నది.

మన ఉదయగిరిలో ముస్లిం కుటుంబములు కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కి జీవించుచున్నవి. మాలో కొందరి ఇండ్లలోను చేతిపనియే ఆధారము. కాని తండ్రి వృత్తి యేమని అడిగినచో తలవంచుకొనువారే ఎక్కువ. ఇది మాకు బాధ కలిగించుచున్నది. కళాశాల సంఘమువారు వార్షికోత్సవమున ఒక అచ్చుపనివానిని, ఒక గరిటెల పనివానిని అతిథులుగా పిలిచి, వారి పేర్లను ఈ పత్రికయందు ముద్రింప వలెనని మా విన్నపము. పేరు నిలిచిన చోట పనియు నిలుచునని మా నమ్మకము.