ఉక్కు తలుపు - చెక్కుచెదరని మాట

తెలుగువారి ఇండ్లలో పెండ్లికూతురికి పెట్టే సారెలో ఉక్కు బీరువా ఉండడం ఏండ్ల తరబడి వచ్చిన వాడుక. దానిని ఏ ఊరి కార్ఖానాలో తయారుచేసినా, చాలామంది నోట అది ‘గోద్రెజ్ బీరువా’యే. ఒక కుటుంబపు ఇంటిపేరు ఒక వస్తువుకే పేరై నిలవడం సామాన్య విషయం కాదు. ఆ పేరు వెనుక రెండు ఓటములతో మొదలైన కథ ఉన్నది.

అర్దేశిర్ గోద్రెజ్ 1868లో బొంబాయిలోని ఒక పార్శీ కుటుంబంలో జన్మించారు. న్యాయశాస్త్రం చదివి, 1894లో ఒక వ్యాజ్యం నిమిత్తం తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్‌కు వెళ్ళారు. కక్షిదారు పక్షాన తాను చెప్పవలసిన మాట నిజమని ఆయనకు నమ్మకం కలగలేదు. కలగని నమ్మకాన్ని నటించడం ఆయనకు చేతకాలేదు. న్యాయవాద వృత్తిని వదలుకొని స్వదేశానికి తిరిగి వచ్చారు.

తరువాత తండ్రి మిత్రుడైన మెర్వాన్‌జీ కామా వద్ద 3,000 రూపాయలు అప్పు తీసుకొని శస్త్రచికిత్స పరికరాల తయారీకి పూనుకొన్నారు. పరికరాలు మేలైనవే. కాని అవి భారతదేశంలో తయారైనవన్న ముద్ర ఉంటే అమ్ముడుపోవని కొనుగోలుదారు పట్టుబట్టాడు. ముద్ర లేకుండా అమ్మడానికి అర్దేశిర్ ఒప్పుకోలేదు. ఆ వ్యాపారం మూతపడింది. అభిమానం మాత్రం మిగిలింది.

ఆ రోజులలో బొంబాయిలో దొంగతనాలు పెరుగుతున్నాయన్న వార్త ఆయన కంటబడింది. మరల కామా వద్దకే వెళ్ళారు. తొలి ప్రయత్నం దెబ్బతిన్నదని తెలిసి కూడా కామా మరల ఋణమిచ్చారు. 1897 మే 7న లాల్‌బాగ్‌లోని ఒక చిన్న షెడ్డులో తాళాల తయారీ ఆరంభమయింది. కామా బంధువైన బాయిస్ అనే యువకుడు కొంతకాలం భాగస్వామిగా ఉండి తప్పుకొన్నాడు. అయినా సంస్థ పేరులో నుండి అతని పేరును తొలగించలేదు. అది నేటికీ ‘గోద్రెజ్ అండ్ బాయిస్’గానే ఉన్నది.

తాళం ఎంత గట్టిదైనా తలుపు బలహీనమైతే ప్రయోజనం లేదు. దొంగ గునపాన్ని అతుకుల వద్దనే దూరుస్తాడు. మంట సందుల గుండానే లోనికి పాకుతుంది. అందువలన అర్దేశిర్ తాళాలతో ఆగక ఇనప్పెట్టెల వైపు దృష్టి సారించారు. రేకులను ముక్కలుగా అతికించడం తగ్గించి మడతలుగా వంచడం, తలుపును రెండు పలకలతో నిర్మించడం వంటి మెలకువలను సాధించారు. 1902లో తొలి ఇనప్పెట్టె వెలువడింది. తమ్ముడు పిరోజ్‌షా ఆయనకు తోడయ్యారు. అన్నది ప్రయోగాలపై మక్కువ. తమ్మునిది వ్యవహార దక్షత. 1923లో ఉక్కు బీరువాల తయారీ మొదలైంది.

అర్దేశిర్ 1936లో కన్నుమూశారు. ఆయన పనితనానికి అసలైన పరీక్ష ఆ తరువాత ఎదురైంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి ఓడరేవులో మందుగుండు సామగ్రితో ఉన్న ఓడ పేలి, పరిసరాలన్నీ అగ్నికి ఆహుతయ్యాయి. వందలాది మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ బూడిదలో నుండి వెలికితీసిన గోద్రెజ్ ఇనప్పెట్టెలను తెరచినప్పుడు లోపలి కాగితాలు భద్రంగా ఉన్నాయి.

పిరోజ్‌షా బొంబాయి శివారులోని విఖ్రోలీలో విశాలమైన భూమిని సేకరించి కర్మాగారాన్ని విస్తరించారు. స్వతంత్ర భారతదేశపు తొలి సాధారణ ఎన్నికల కోసం 1951లో అక్కడ లక్షల సంఖ్యలో ఉక్కు బ్యాలెట్ పెట్టెలు తయారయ్యాయి. పెట్టెకు వెలుపల వేరే తాళం బిగిస్తే ఖర్చు పెరుగుతుంది. అందుచేత పెట్టెలోనే ఇమిడిపోయే తాళాన్ని రూపొందించారు. ఆ ఉపాయం తట్టినది కర్మాగారంలోని ఒక పనివానికి. ఒకప్పుడు ధనికుల నగలను కాచిన ఉక్కు, అప్పుడు నిరుపేద ఓటును కాచింది.

తరాలు మారాయి. 2024లో కుటుంబీకులు వ్యాపారాలను రెండు శాఖలుగా పంచుకొన్నారు. తాళాలు, ఇనప్పెట్టెలు, ఖజానా గదుల తలుపులు చేసే మూలసంస్థ పిరోజ్‌షా మనుమడు జంషెద్ గోద్రెజ్ శాఖకు దక్కింది.

తాళం కొన్నవాడు దానిని విప్పి చూడడు. చేసినవాని మాట నమ్మి, తలుపు వేసుకొని నిద్రపోతాడు. నిశ్చయం లేని మాటను న్యాయస్థానంలో పలుకలేకపోయిన మనిషి, తాను చేసిన తాళంపై మాత్రం నిశ్చయంగా తన పేరు చెక్కుకొన్నారు.