తంతువు, పటం, ఒక పాత స్వెటరు

వేదాంతశాస్త్రంలో తంతుపటదృష్టాంతం జిజ్ఞాసువులకు చిరపరిచితం. మృత్తికా ఘటం, సువర్ణం ఆభరణం అన్న ఉదాహరణల సరసనే నూలు, వస్త్రం కూడా కార్యకారణవిచారంలో పదే పదే దర్శనమిస్తాయి. బ్రహ్మసూత్రాల ద్వితీయాధ్యాయ ప్రథమపాదంలో వస్త్రాన్నే ఉపమానంగా గ్రహించిన సూత్రం ఒకటి ఉంది. శంకరభగవత్పాదులు దానిని వ్యాఖ్యానిస్తూ చుట్టిపెట్టిన వస్త్రాన్ని, పరచిన వస్త్రాన్ని చూపించారు. చుట్టి ఉన్నప్పుడు అది వస్త్రమో, మరొక ద్రవ్యమో స్పష్టంగా తెలియదు. వస్త్రమే అని తెలిసినా దాని పొడవు వెడల్పులు తెలియవు. పరిస్తే అన్నీ తెలుస్తాయి. అయినా చుట్టినదీ పరచినదీ ఒక్కటే. కార్యం కారణంలో అవ్యక్తంగా ఉండి, వ్యక్తమవుతుందే తప్ప కొత్తగా పుట్టదని తాత్పర్యం.

నైయాయికుడు దీనికి అంగీకరించడు. నూలుపోగులు చలిని ఆపలేవు, వస్త్రం ఆపుతుంది. ప్రయోజనం వేరైనప్పుడు వస్తువూ వేరే కావాలి అంటాడు. అతని మతంలో వస్త్రం తంతువులకన్న భిన్నమైన అవయవి. అంతకు ముందు లేనిది పుట్టింది, పోగులు విడిపోతే నశిస్తుంది. ఈ వాదాన్ని తర్కగ్రంథాలలో చదివి దాటిపోవడం సులభం. ఆదోనిలో ఒక వృద్ధగృహిణికి మాత్రం నిరుడు ఆశ్వయుజంలో, ఇనుపపెట్టె తెరిచినప్పుడు, ఇది ప్రాణసంకటంగా ఎదురైంది.

ఆవిడ పుట్టినిల్లు ఎమ్మిగనూరు. ఆదోనికి సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊరికి జీవనాధారం చేనేత. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘం ఆ ఊరి పేరును దేశమంతటా వినిపించింది. పుష్యపూర్ణిమకు నీలకంఠేశ్వరస్వామి రథోత్సవం చూడని నేతకుటుంబం అక్కడ ఉండదు. ఆవిడ బాల్యం గుంతమగ్గం పక్కన రాట్నం తిప్పుతూ కండెలు చుట్టడంలో గడిచింది. పడుగు అంటే ఏమిటో, పేక అంటే ఏమిటో ఆవిడకు అక్షరాలకన్న ముందే తెలుసు. తరువాతి కాలంలో ఒక ప్రవచనంలో బృహదారణ్యకోపనిషత్తు విన్నది. సర్వమూ దేనిలో ఓతప్రోతమై ఉన్నదని గార్గి యాజ్ఞవల్క్యుని ప్రశ్నించిన ఘట్టం వచ్చినప్పుడు, పక్కనున్నవారు ఆ పదానికి అర్థం అడిగితే ఆవిడే చెప్పింది: "పడుగూ పేకా అమ్మా, అంతే."

నేతకుటుంబాలకు ఋతువు పంచాంగంలో కాక పోగులో తెలుస్తుంది. గ్రీష్మంలో గాలి ఎండిపోతే నూలు పెళుసుబారి తెగుతుంది. మగ్గం చుట్టూ నేల తడుపుకోవాలి. వర్షర్తువులో గుంతలోకి చెమ్మ దిగుతుంది, వీధిలో గంజి పెట్టిన పడుగు ఆరదు, పని ఆగిపోతుంది. హేమంతం వచ్చాకే చేతికి, నూలుకు సఖ్యం కుదురుతుంది. మహాభారతం ఆదిపర్వంలో, నన్నయగారి తెలుగులో కూడా, ఉదంకుడు నాగలోకంలో చూసిన దృశ్యం ఈ సందర్భంలో స్మరణీయం. ఇద్దరు స్త్రీలు తెల్లని, నల్లని దారాలతో నేస్తుంటారు; ఆరుగురు కుమారులు పన్నెండు ఆకుల చక్రాన్ని తిప్పుతుంటారు. స్త్రీలు ధాత, విధాత. దారాలు పగలు, రాత్రి. కుమారులు ఆరు ఋతువులు. చక్రం సంవత్సరం అని గురువు ఆ తరువాత వివరిస్తాడు. కాలాన్ని మగ్గంగా భావించిన ఆ ఋషి ఏ నేతపల్లె వాకిటనో కొంతకాలం కూర్చుని ఉంటాడనిపిస్తుంది.

వివాహమై ఆదోనికి వచ్చాక ఆవిడకు మగ్గం లేదు. భర్త పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తా. నల్లరేగడి చేలనుండి పత్తి ఆశ్వయుజ కార్తికాలలో ఆదోని యార్డుకు బండ్లమీద, లారీలమీద వచ్చేది. దారి పొడవునా కంపచెట్లకు తెల్లని పింజలు చిక్కుకుని ఉండేవి. ఆవిడ చేతులు ఊరుకోలేదు. ఎండాకాలంలో ఊలు చేతికి అంటుకుంటుందని నూలుదారంతో ద్వారతోరణాలు అల్లేది. వానలు మొదలైతే కార్తికపూర్ణిమకు కావలసిన 365 వత్తులు, లక్షవత్తుల నోము పట్టినవారికి ఇవ్వవలసినవి చేసి డబ్బాలలో దాచేది. శరత్తు ముగుస్తుండగా ఊలు, రెండు సూదులు బయటికి వచ్చేవి. ఆ విద్యను ఇరుగింటి ఉపాధ్యాయిని ఒకరు నేర్పారు. ఈ ఊలు అల్లిక మన ప్రాచీనవిద్య కాదు; యూరోపియన్ల రాకతో, విశేషించి మిషనరీ పాఠశాలల ద్వారా మన స్త్రీల చేతికి వచ్చింది. అందుచేత భాష్యకారులు దీనిని చూసి ఉండరు. చూసి ఉంటే తప్పక ఉదాహరించేవారు.

ఎందుకంటే, మగ్గంపై పడుగు వేరు, పేక వేరు. వేలకొలది పోగులు కలిసి ఒక వస్త్రం. సూదుల అల్లికలో ఉన్నది ఒకే దారం. ఆ దారాన్ని మెలికగా వంచి, ఆ మెలికలోంచి అదే దారపు మరో మెలికను లాగడం, అలాగే సాగిపోవడం. రెండవ వస్తువు లేదు. ముడి కూడా లేదు. చివరి మెలికను కట్టి ఆపినంతకాలం అది స్వెటరు. ఆ చివర విప్పి లాగితే వరుస తరువాత వరుస కరిగి, తెగకుండా, కత్తెర అవసరం లేకుండా, మొదటి దారమే చేతికి వస్తుంది. నామరూపాలు దారంపై ఆరోపితాలని నేతవస్త్రంతో బోధించడానికి యుక్తి కావాలి. అల్లికలో అది కళ్ళముందే జరుగుతుంది.

ఇదంతా ఆవిడకు తెలుసు. తప్పిన వరుసలను వందసార్లు విప్పి మళ్ళీ అల్లిన చేతులవి. కాని నిరుడు పెట్టెలో ఉన్నది భర్త స్వెటరు.

బూడిదరంగు ఊలుతో, వివాహమైన కొన్నేళ్ళకు అల్లినది. ధనుర్మాసపు తెల్లవారుజామున గుడికి వెళ్ళేటప్పుడు, శనివారాలు రణమండల కొండ ఎక్కి ఆంజనేయస్వామిని దర్శించేటప్పుడు ఆయన అదే తొడుక్కునేవారు. అంతకు ముందు మాఘంలో ఆయన పోయారు. తక్కిన బట్టలు కర్మలు ముగిశాక ఇచ్చివేశారు. ఇది మాత్రం వేపాకు మధ్య పెట్టెలో ఉండిపోయింది. ఆశ్వయుజంలో తెరిచి చూస్తే కుడి మోచేతి వద్ద పురుగు కొట్టింది. అరచేయంత మేర జల్లెడ. అలాగే ఉంచితే మరో ఏడాదికి మిగలదు. బెంగళూరులో ఉన్న ఐదేళ్ళ మనుమడికి చలికాలపు స్వెటరు కావాలని కోడలు అప్పటికే ఫోనులో అడిగి ఉంది.

"కొత్త ఊలు కొందాం అత్తమ్మా, తాతగారిది అలాగే ఉండనీండి" అని కోడలు అన్నది. ఆ మాటలో ప్రేమ ఉంది. కాని ఉండనిస్తే ఉండేది కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ రాత్రి ఆవిడ పక్షాన నైయాయికుడే నిలిచాడని చెప్పాలి. విప్పితే దారం మిగులుతుంది, నిజమే. ఆయన భుజాల వెడల్పు మిగలదు. ఆయన చేతులు దూర్చిన చేతులు మిగలవు. కారణమే సత్యమని విన్న ప్రవచనం ఆ ఘడియలో చన్నీళ్ళలా తోచింది. గీత రెండవ అధ్యాయంలో జీర్ణవస్త్రాలను వదలి నూతనవస్త్రాలు ధరించడాన్ని దేహాంతరప్రాప్తికి పోల్చిన శ్లోకం ఆయన పోయిన దినాలలో అనేకులు వినిపించారు. వస్త్రాన్ని వదలినవాడి సంగతి ఆ శ్లోకం చెప్పింది. వదలిన వస్త్రాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చున్నవారి సంగతి ఆ శ్లోకానికి విషయం కాదు.

మూడు రోజుల తరువాత, ద్వాదశినాడు, ఆవిడ ముందుగా పక్క కుట్లు విప్పింది. వీపు భాగం నుండి మొదలుపెట్టింది. మెడ దగ్గరి చివర పట్టి లాగగానే వరుసలు జారడం మొదలైంది. ఆ రోజు వీపు సగం వరకే. మర్నాడు మిగిలిన సగం. పురుగు కొట్టిన మోచేతిని అన్నిటికన్న చివరకు ఉంచింది. అక్కడ దారం తునకలై వచ్చింది, ముడివేయడానికి కూడా చాలనివి తులసికోట మొదట్లో వేసింది.

విప్పిన ఊలు తిన్నగా ఉండదు. అల్లినవారందరికీ తెలిసిన విషయమే అయినా వేదాంతులు దీనిపై నిలవడం అవసరం. స్వెటరు లేదు, మెలికలు లేవు, కాని దారం పొడవునా మెలికల వంపు ఉంటుంది. రూపం పోయినా రూపపు వంకర పోలేదు. శాస్త్రం దీనినే సంస్కారం, వాసన అంటుంది. దేహం విడిచినా జీవునితో వెళ్ళేది ఇదేనని, గాలి పువ్వుల తావిని మోసుకుపోయినట్లని గీత పదిహేనవ అధ్యాయం చెబుతుంది. ఈ వంపుతోనే మళ్ళీ అల్లితే కొత్త అల్లిక ఎగుడుదిగుడుగా వస్తుంది. పాత స్వెటరు కొత్త స్వెటరులో అడ్డుపడుతుంది. అందుకని ఊలును చిలపలుగా చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీటిలో నానబెట్టి, పిండకుండా నీడలో వేలాడదీసి, కింద చిన్న బరువు కట్టాలి. చిత్తశుద్ధికి ఇంతకన్న సరళమైన ప్రక్రియ దొరకదు: తాపం కొంత, భారం కొంత, కాలం కొంత. బలంగా లాగితే ఊలు చెడుతుంది. ఆవిడ చిలపలు మిద్దెమెట్ల కింద దండెంపై రెండు రోజులు వేలాడాయి.

అవి చూసిన పక్కింటి ముసలమ్మ మాధ్వసంప్రదాయానికి చెందినవారు. గురువారాలు మంత్రాలయం వెళ్ళివచ్చేవారు. ఆదోని ప్రాంతంలో అద్వైతం మాట్లాడితే తుంగభద్రాతీరంనుండి సమాధానం రాకుండా ఉండదు. దారమే సత్యం, స్వెటరు నామమాత్రం అని ఆవిడ అంటే, "అట్లయితే నీ చేతులేమైనాయమ్మా? ఊలు తనంతట తానే స్వెటరైందా?" అని అడిగారు. చిన్న ప్రశ్న కాదు. పరమాత్మ జగత్తుకు నిమిత్తకారణమే, ఉపాదానం కాదు అన్న మధ్వసిద్ధాంతసారం అందులో ఉంది. అద్వైతి ముండకోపనిషత్తులోని సాలెపురుగును చూపిస్తాడు. దారమూ దానిదే, అల్లికా దానిదే. కాని ఆదోని గృహిణి సాలెపురుగు కాదు. ఊలు అంగడినుండి వచ్చింది. దృష్టాంతం ఏకదేశానికే వర్తిస్తుందన్న న్యాయం ఇలాంటిచోటనే ఉపకరిస్తుంది. ఇద్దరిలో ఎవరూ ఓడలేదు. ముసలమ్మ కూర్చుని చిలపను రెండు చేతులకు తగిలించుకుని పట్టుకుంటే, ఆవిడ ఉండ చుట్టింది.

కార్తికమంతా అల్లిక సాగింది. ఉదయం దీపం, వత్తుల పని; మధ్యాహ్నం ఎండ వాకిట్లోకి జరిగాక సూదులు. ఒక్కొక్క మెలికకు ఒక్కొక్క నామం చొప్పున జపిస్తే లెక్కా తప్పదు, మనసూ తిరగదు. ఈ పద్ధతి ఆవిడ ఎవరివద్దా నేర్చుకోలేదు. మనుమడి కొలత తాత కొలతలో సగం కూడా లేదు. మార్గశిరం ప్రవేశించేసరికి స్వెటరు పూర్తయి, బెంగళూరు బస్సులో తెలిసినవారి చేతికి వెళ్ళింది. బాలుడు ఫోనులో, "అవ్వా, ఇది తాతదా, నాదా?" అని అడిగాడట. "నీదే నాయనా" అన్నది. రెండవ మాట చెప్పబోయి ఆగింది.

ఇంకా రెండు పెద్ద ఉండలు మిగిలాయి. ఆవిడ వాటితో ఆసనం మొదలుపెట్టింది. జపానికి ఊలు ఆసనం ప్రశస్తమని పెద్దల ఆచారం. ఇన్నేళ్ళు చాపమీద కూర్చుని చేసింది. కూర్చోవడానికి చాలినంత వెడల్పుకు తొంభై మెలికలు పట్టాయి. పొడవుకు బూడిదరంగు ఊలు జానెడు తక్కువ పడేలా ఉంది. పక్కింటి ముసలమ్మ తన పెట్టెలో ఉన్న తెల్లని ఊలు తెచ్చి ఇచ్చారు. ధనుర్మాసం పట్టేలోగా ముగించాలని ఆవిడ సంకల్పం. సాయంకాలం చలిగాలి కొండవైపునుండి దిగుతోంది కనుక పని ఇప్పుడు వంటింటి వెచ్చదనంలోకి మారింది.