ఆరిపోయిన టార్చిలైటు

పిల్లలూ! చిన్నతనంలో నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను, వినండి.

మాది అమలాపురం దగ్గర ఒక పల్లె. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమ మీద పెద్ద తుపాను విరుచుకుపడింది. మా ఇంటి కప్పు లేచిపోయింది. "టార్చిలైటు తే, బడిలోకి పోదాం!" అన్నారు నాన్న. మీట నొక్కాను. వెలగలేదు! అయిపోయిన సెల్లు తీసేయకుండా నెలల తరబడి దానిలోనే వదిలేశాను. అవి కారి, లోపలి స్ప్రింగును తినేశాయి. చీకట్లో మామ్మ గట్టు మీంచి జారిపడింది, కాలు విరిగింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

సెల్లు ఎందుకు కారుతుంది? దాని డొప్ప తుత్తునాగం, అంటే జింకు. లోపల బొగ్గుకడ్డీ, దాని చుట్టూ మాంగనీసు డయాక్సైడు అనే నల్లపొడి ఉంటాయి. తుత్తునాగం కరుగుతూ విద్యుత్తునిస్తుంది. చివరికి డొప్పకే చిల్లులు పడతాయి.

కరిగిన తుత్తునాగాన్ని వెనక్కి రప్పిస్తే, ఆ సెల్లునే మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు కదా? శాస్త్రజ్ఞులు ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నారు. వారి సెల్లులో ఉండేది నీరు కాబట్టి నిప్పంటుకునే భయం లేదు. కాని రెండు చిక్కులున్నాయి.

తిరిగివచ్చిన తుత్తునాగం రేకు మీద సమంగా పరుచుకోదు. వరద ఒండ్రు పొలంలో ఒకేచోట మేట వేసినట్టు పోగుపడి, ముళ్లలా పెరుగుతుంది. ముల్లు అవతలి వైపు తాకిందా, సెల్లు పాడైనట్టే! అందుకని రేకుకు పలుచని పూతలు పూసి చూస్తున్నారు.

రెండోది, నల్లపొడిలోని మాంగనీసు కొంచెం కొంచెంగా నీటిలో కరిగిపోతుంది. ఒక గ్లాసు నీళ్లలో ఇక కరగనంతవరకు ఉప్పు కలపండి. ఆపైన ఒక ఉప్పుకల్లు వేస్తే కరగదు, అవునా? ఇంచుమించు ఇదే ఉపాయంతో, 2016లో అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ పరిశోధనాలయం వారు సెల్లు నీటిలో ముందే మాంగనీసు లవణం కలిపారు. 5,000 సార్లు నింపి వాడినా, ఆ సెల్లు తన నిలవశక్తిలో నూటికి 92 పాళ్లు పోగొట్టుకోలేదు!

మాంగనీసు ఖనిజం మన విజయనగరం జిల్లా గరివిడి ప్రాంతంలోనే దొరుకుతుంది. రేపు ఇంకా మంచి ఉపాయం మీలో ఒకరికి తట్టవచ్చు. అంతవరకు, అయిపోయిన సెల్లు టార్చిలైటులో ఉంచకండి. తుపాను కబురు వినగానే ముందు దాని మీట నొక్కి చూడండి.