135వ వీధి గోడలు

హార్లెంలో లెనాక్స్ అవెన్యూ 135వ వీధిని కలిసేచోట నిలబడితే ఒకవైపు ఆసుపత్రి, మరోవైపు షాంబర్గ్ గ్రంథాలయం కనిపిస్తాయి. న్యూయార్క్‌లో నాకు దొరికిన ఖాళీ రోజంతా ఆ కూడలిలోనే గడిపాను.

ముందు ఆసుపత్రి. దాని అద్దాల గోడ మీద అంతస్తుల ఎత్తున బొమ్మలు. ఆఫ్రికా పల్లె నుంచి అమెరికా నగరం దాకా నల్లవారు నడిచివచ్చిన దారి అది. లోపల చిత్రకారుడు వెర్టిస్ హేస్ వేసిన చిత్రాలనే ఇక్కడ పెద్దవి చేసి పెట్టారు. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1936లో, ప్రభుత్వ ఉపాధి పథకం కింద, హేస్ కూడా ఉన్న చార్లెస్ ఆల్‌స్టన్ బృందానికి ఆసుపత్రి గోడల మీద బొమ్మలు వేసే పని దక్కింది. నమూనాలు చూసిన ఆసుపత్రి పెద్దలు, బొమ్మల్లో నల్లవాళ్లే ఎక్కువైపోయారంటూ నాలుగింటిని తిప్పికొట్టారు. నల్లవారి పేట హార్లెంలో, హార్లెం జనానికి వైద్యం చేసే చోట! చిత్రకారులు సంఘం కట్టి ఉన్నారు కాబట్టి ఊరుకోలేదు. గొడవ పత్రికలకెక్కింది. చివరికి గోడలు వాళ్లవే అయ్యాయి. తమ ముఖం తమ గోడ మీద ఉండాలని పోరాడి గెలవడం కన్నా పెద్ద ఆత్మగౌరవం ఏముంటుంది?

రోడ్డు దాటి గ్రంథాలయంలోకి వెళ్లాను. నల్లవారికి చరిత్రే లేదని చిన్నప్పుడు ఒక టీచరు అన్న మాటకు జవాబుగా, ప్యూర్టోరికోలో పుట్టిన ఆర్టురో షాంబర్గ్ జీవితమంతా పుస్తకాలు, రాతప్రతులు పోగుచేశాడు. 1926లో ఆ సేకరణ ఈ గ్రంథాలయానికి చేరింది. కవి లాంగ్‌స్టన్ హ్యూస్ చితాభస్మం కూడా ఇక్కడి నేల కిందే ఉంది. ఆ సంగతి తెలిశాక అడుగు ఆచితూచి వేశాను.

ఆరన్ డగ్లస్ 1934లో ఈ గ్రంథాలయం కోసమే వేసిన నాలుగు చిత్రాల్లో నన్ను కట్టిపడేసింది చివరిది. పెద్ద యంత్రపు పళ్లచక్రం మీద నిలబడి ఒకడు శాక్సఫోన్ పైకెత్తాడు. ఒక పక్క సొమ్మసిల్లిన మనిషి, ఇంకో పక్క సంచితో పరుగెత్తే మనిషి. మేడల నడుమ దూరాన, చాలా చిన్నదిగా, స్వేచ్ఛా విగ్రహం. ఉత్తుత్తి ఆశ చూపకుండానే ఆ వాద్యకారుణ్ణి అంత ఎత్తున నిలబెట్టాడు డగ్లస్.

ఆల్‌స్టన్ దగ్గర బొమ్మలు నేర్చుకున్న కుర్రాడు జేకబ్ లారెన్స్ ఈ గ్రంథాలయంలోనే కూర్చుని చదివి, దక్షిణాది నుంచి తరలివచ్చిన లక్షల మంది కథను 1941 నాటికి 60 చిత్రాలుగా వేశాడు. వాటిలో సగం ఇదే నగరంలో, ఆధునిక కళా మ్యూజియంలో ఉన్నాయి. మ్యూజియం మూసే వేళ ఎప్పుడని అడిగి, వెంటనే బయల్దేరాను.