‘సేవ్ చేయి’, ‘ఎంచుకోండి’

మన కాలేజీలో లినక్స్ అంటే ఓఎస్ ల్యాబ్. నల్ల స్క్రీను, నాలుగు కమాండ్లు, ఒక ఫోర్క్ ప్రోగ్రాము, రికార్డు మీద సంతకం, వైవా. అయిపోయింది. నాకూ అంతవరకే తెలుసు. అది ఒక ఇంటికి అన్నం పెట్టే సంగతి కూడా అవుతుందని చాదర్‌ఘాట్‌లో మా నాన్న డీటీపీ షాపు వల్ల తెలిసింది.

నాన్నది ఒకే షట్టర్ షాపు. పెళ్లి కార్డులు, దశదినకర్మ కార్డులు, బోనాల కరపత్రాలు టైప్ చేసి, పేజీ పెట్టి, ఛత్తా బజార్ ప్రెస్సులకు పంపుతాడు. చదివింది తెలుగు మీడియంలో పదో తరగతి. ఇంగ్లిష్ మెనూలు ఆయన చదవడు, జాగా గుర్తు పెట్టుకుంటాడు. ‘పైన ఎడమ పక్క మొదటిది, కిందికి నాలుగోది’ అంటే సేవ్. అప్‌డేట్ వచ్చి మెనూ ఒక గీత కిందికి జరిగితే ఆ రోజు పని సగమే.

కిందటేడు ఆ కంప్యూటర్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. కొత్త వెర్షన్ వేద్దామంటే ఏదో చిప్ కావాలంది, మా పాత బోర్డు మీద అది లేదు. కొత్త మిషన్ కొనమన్నారు అందరూ. నాన్న ఒక్కటే అడిగాడు: “మిషన్ల ఖరాబు ఏం లేదు గద బిడ్డా, మరి ఎందుకు పారేయాలె?”

నా బీటెక్ చదువులో దానికి జవాబు లేదు. కోఠి గుజరాతీ గల్లీకి నడిచిపోయి ఒక ర్యామ్, ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ తెచ్చి, డెబియన్ 13 వేశాను.

తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నల్ రాశాడు. ఈ రెంటినీ, వేల ఇతర ప్రోగ్రాములనూ కలిపి వాడుకోవడానికి వీలైన వ్యవస్థగా ఇయాన్ మర్డాక్ 1993లో డెబియన్ మొదలుపెట్టాడు. దాన్ని నడిపేది కంపెనీ కాదు, ప్రపంచమంతా ఉన్న వలంటీర్లు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే ఫ్రీగా దొరికేది అని కాదు. వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. మా నాన్నకు మొదటిది అవసరమైంది. మూడోది నాకు పని పెట్టింది.

డెబియన్ ఇన్‌స్టాలర్‌ను గ్రాఫికల్‌గా తెరిస్తే భాషల జాబితాలో తెలుగు ఉంటుంది. అది నొక్కాను. వెనక నిలబడ్డ నాన్న కళ్లజోడు సవరించుకుని ఒక్కో లైను పైకి చదవడం మొదలుపెట్టాడు. కంప్యూటర్ ఆయన్ని తెలుగులో ఏదైనా అడగడం అదే మొదటిసారి.

అసలు తంటా ఆ తర్వాత మొదలైంది. సగం మెనూలు తెలుగు, సగం ఇంగ్లిష్. తెలుగులో ఉన్నవన్నీ అర్థమయ్యాయా అంటే అదీ లేదు. “సంచయం అంటే ఏంది?” “ఫోల్డర్ నాన్నా.” “మరి ఫోల్డర్ అనే రాయొచ్చు గద!” కానీ ‘దస్త్రం’ దగ్గర ఆగలేదు. “ఆ, ఫైలు” అనేసి ముందుకు పోయాడు. మన హైదరాబాద్ దఫ్తర్‌కు చుట్టమే ఆ మాట. ‘రద్దు’ కూడా ఉర్దూ నుంచి వచ్చిందే, దాని దగ్గరా ఆగలేదు. ఆయనకు సంస్కృతమా, ఉర్దూనా, ఇంగ్లిషా అన్న పట్టింపు లేదు. విన్న మాటైతే చాలు.

ఆ మాటలు రాసేది మనలాంటి వాళ్లే అని తెలిసి నేనూ చేరాను. పని సులువుగానే కనిపిస్తుంది. ప్రోగ్రాములోని వాక్యాలన్నీ ఒక ఫైల్లో ఉంటాయి. ఇంగ్లిష్ కింద తెలుగు రాయాలి, ఇంకో అనువాదకుడు చూసి ఒప్పుకోవాలి. కోడింగ్ అక్కర్లేదు. కానీ వ్యాకరణం క్లాసులో నిద్రపోయిన వాళ్లందరికీ ఇక్కడ మెలకువ వస్తుంది.

ఉదాహరణకు ఇంగ్లిష్‌లో ‘పదిలో మూడు’ అనేటప్పుడు మూడు ముందొస్తుంది, పది వెనకొస్తుంది. తెలుగులో తిరగబడుతుంది. ప్రోగ్రాములో ఆ అంకెల చోట గుర్తులుంటాయి. వాటికి 1, 2 అని నంబర్లు వేసి, రెండోదాన్ని ముందు పెట్టాలి. లేకపోతే ‘3లో 10 ఫైళ్లు కాపీ అయ్యాయి’ అంటుంది కంప్యూటర్.

ఇంకోటి, ‘చేయి’ అనాలా, ‘చేయండి’ అనాలా? నాకు చాలా రోజులు పట్టింది ఇది. బటన్ మీది మాట మనిషి కంప్యూటర్‌కు చెప్పేది, కాబట్టి ‘సేవ్ చేయి’. సూచన కంప్యూటర్ మనిషికి చెప్పేది, కాబట్టి ‘ఫైలును ఎంచుకోండి’. ఇంగ్లిష్‌లో రెంటికీ ఒకటే క్రియ. తెలుగులో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తేల్చుకోకుండా ఒక్క బటన్ కూడా రాయలేం.

ఫోల్డర్ గురించి మాత్రం నేను నెగ్గలేదు. ఏళ్లుగా అన్నిచోట్లా ‘సంచయం’ ఉంది, ఒక్క చోట మారిస్తే గందరగోళం అన్నారు సమీక్షించినవారు. అదీ నిజమే. వాదన ఇంకా నడుస్తోంది.

ఈ గొడవ కొత్తది కాదు. మా ఇంటి నుంచి కాస్త నడిస్తే సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది, 1901లో మొదలైంది. దాని స్థాపకుల్లో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో ఈ ఊళ్లోనే విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, తెలుగులో సైన్సు పుస్తకాలు వేయించారు. వాళ్ల ముందూ ఇదే ప్రశ్న ఉండి ఉంటుంది: మాట పుట్టించాలా, తెచ్చుకోవాలా? మన కాలంలో హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది, ఇంజినీరింగ్ కాలేజీల్లో విద్యార్థులను ఈ పనిలోకి దింపింది.

అంతా బాగుపడిందని చెప్పను. నాన్న ఇరవై ఏళ్ల పని పాత పద్ధతి ఫాంట్లలో ఉంది. వాటిలో తెలుగు అక్షరం ఇంగ్లిష్ అక్షరం స్థానంలో కూర్చుంటుంది. ఆ ఫాంటు లేకపోతే పెళ్లికూతురి పేరు పిచ్చి గీతలైపోతుంది. అందుకే పాత హార్డ్ డిస్క్‌ను నెట్ తగలకుండా అలాగే ఉంచాం, పాత కార్డు కావాలని ఎవరైనా వస్తే అది తెరుస్తాడు. కొత్త పని మాత్రం స్క్రైబస్‌లో, యూనికోడ్‌లో. ప్రెస్సుకు కావాల్సింది పీడీఎఫ్, అది ఎక్కడ తయారైందని వాళ్లు అడగరు.

డెబియన్‌తో వచ్చే తెలుగు ఫాంట్లలో పోతన, వేమన ఉన్నాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు వాటిని స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చారు. రేపు ఏ కంపెనీ మూతపడ్డా ఆ రెండూ ఉంటాయి. వాటితో టైప్ చేసిన పేర్లు యూనికోడ్‌లో ఉంటాయి కాబట్టి, అవి లేని చోట కూడా ఇంకో ఫాంటులో చదువుకోవచ్చు. ఇరవై ఏళ్ల ఫైళ్లు ఒక డిస్క్‌లో చిక్కుకుపోవడం చూశాక, లైసెన్సు అనేది చదవకుండా ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కే కాగితం కాదని నాకు అర్థమైంది.

మన క్లబ్బులో తెలుగు చచ్చిపోతోందని ఏడాదికి రెండు వ్యాసాలు వస్తాయి. అవీ రావాలి. కానీ ఈ సెలవుల్లో ఒక చిన్న ప్రోగ్రాము తీసుకుని, అందులో పది వాక్యాలు తెలుగు చేయండి. మీ రూమ్మేట్‌కు కాదు, ఇంగ్లిష్ రాని మనిషికి చదివి వినిపించండి. వాళ్లు ఆగి “ఏంది ఇది?” అన్న చోట మళ్లీ రాయండి.