సెలవులో ఇంటివారికి రెండు రోజులు

మదర్సాలలో వారపు సెలవు ఆదివారం కాదు, శుక్రవారం. గురువారం జుహర్ నమాజుతో పాఠాలు ముగుస్తాయి, శనివారం ఉదయం మళ్ళీ మొదలవుతాయి. ఈ ఒకటిన్నర రోజు నాకు ఇరవై ఎనిమిది ఏళ్ళుగా నికాహ్‌లకు, జనాజాలకు, రోగుల పరామర్శకు, తెగిపోయిన చెప్పులు కుట్టించుకోవడానికి సరిపోతూ వచ్చింది. ఇంటిల్లిపాదీ కలిసి కేవలం చూడడం కోసమే ఎక్కడికైనా వెళ్ళడమనేది మా ఇంట్లో మొన్నటి సంక్రాంతి సెలవుల వరకు జరగలేదు. ఆ ప్రయాణాన్ని గురించి వ్రాయడానికి కారణం చూసిన ప్రదేశాల గొప్పతనం మాత్రమే కాదు. మా కడప జిల్లాలోని ఎన్నో ఇళ్ళకు వర్తించే ఒక విషయం అందులో ఉందని నాకు అనిపించింది.

కువైట్‌కు వెళ్ళిన కొడుకో అల్లుడో లేని వీధి మా ప్రాంతంలో అరుదు. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి వారికి నలభై, నలభై అయిదు రోజుల సెలవు దొరుకుతుంది. ఆ సెలవు ఎలా గడుస్తుందో అందరికీ తెలిసినదే. మొదటి వారం బంధువులు వచ్చి పోతారు. తరువాత బ్యాంకు, ఆధార్, ఇంటి పన్ను, ఆగిపోయిన గోడ. పిమ్మట దావత్‌లు, పెళ్ళిళ్ళు. చివరి వారం పెట్టె సర్దడం, పచ్చళ్ళు తూకం వేయించడం. భార్యాబిడ్డల కొరకే వచ్చిన మనిషి వారికి దొరికేది రాత్రి భోజనం తరువాతనే.

మా పెద్దబ్బాయి అక్కడ ఒక ఇంటివారి కారు నడుపుతాడు. రెండున్నరేళ్ళ తరువాత వచ్చాడు. వాడు వెళ్ళేటప్పుడు బిడ్డకు ఏడాదిన్నర, ఇప్పుడు నాలుగేళ్ళు. రోజూ ఫోనులో తండ్రితో కబుర్లు చెప్పే పిల్ల, తండ్రి ఎదుట వచ్చి నిలబడేసరికి నాయనమ్మ ఓణీ వెనుక దాక్కొన్నది. ఫోనులో ఉండేవాడు అబ్బా, ఇంట్లోకి వచ్చినవాడు ఎవరో. ఇరవై తొమ్మిది రోజులు గడిచినా వాడి చేతుల మీదికి పోలేదు. మిఠాయి ఇస్తే తీసుకొని పరుగెత్తేది. మావాడు నవ్వేవాడు గాని, ఆ నవ్వు చూడలేక మా కోడలు వంటింట్లోకి వెళ్ళిపోయేది.

"అబ్బా, ఒక బండి మాట్లాడుకొని గండికోట, బేలం గుహలు చూసివద్దాం. అమ్మీ ఎప్పుడూ ఎక్కడికీ రాలేదు" అని ఒకనాడు వాడే అన్నాడు. మా ఆవిడ వెంటనే లెక్క తీసింది. "పైకప్పు ఉరుస్తోంది బేటా, ఆ డబ్బుతో సిమెంటు వస్తుంది. రాళ్ళు చూడడానికి అంత ఖర్చా?" అన్నది. ఆమె మాటలో న్యాయం ఉంది. ఎండలో కొడుకు సంపాదించిన ధనం ఆమెకు అమానతు. దుబారాను మన ధర్మం ఎంత గట్టిగా వారించిందో నేను పిల్లలకు పాఠంగా చెబుతాను. అయితే భార్యాబిడ్డల మీద పెట్టే ఖర్చుకు కూడా దానధర్మపు పుణ్యం ఉంటుందని మన ప్రవక్త (స) బోధించిన సంగతి కూడా అదే పాఠంలో ఉంది. రెండింటి నడుమ గీత ఎక్కడ గీయాలన్నది ప్రతి ఇంటివారూ తేల్చుకోవలసిన విషయం. మా ఇంట్లో దానిని మా అమ్మ తేల్చింది. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్ళు. "కప్పు ఎప్పుడైనా వేయవచ్చు. వాడు పదహారు రోజుల్లో పోతాడు" అన్నది. అంతటితో చర్చ ముగిసింది.

గురువారం జుహర్ కాగానే అద్దె బండిలో కడప నుండి బయలుదేరాము. ప్రయాణపు దుఆ నేను పైకి చదివాను, అందరూ అనుసరించారు. కువైట్‌లో వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. అలవాటు తప్పుతుందేమోనని మావాడు మొదటి మలుపుల దగ్గర బాగా నిదానించాడు. కొడుకు బండి నడపడం వాడి తల్లి చూడడం అదే మొదటిసారి. ఆ దారి పొడుగునా ఆమె కిటికీ వైపు కంటే వాడి చేతుల వైపే ఎక్కువ చూసింది. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలు, ఆ తరువాత నల్లని కడప బండలు. మా నేలలో రాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరలే ఇళ్ళకు నేలగా పరచుకొన్నాము, అలమరాలకు అరలుగా పెట్టుకొన్నాము.

జమ్మలమడుగులో అస్ర్ నమాజుకు ఆగాము. మసీదులో ఇమాము వెనుక నేను, మావాడు నాలుగు రకాతులు చదివాము. రాత్రి గదిలో ఇషా మాత్రం రెండు రకాతులే చదివించాను. ఈ తేడా ఏమిటని మా కోడలు అడిగింది. ఈ ప్రశ్న చాలామందికి వస్తుంది కనుక ఇక్కడ చెబుతాను. హనఫీ ఉలమాల లెక్క ప్రకారం సుమారు 77 కిలోమీటర్లు, అంతకు మించిన దూరానికి బయలుదేరినవాడు తన ఊరి పొలిమేర దాటినప్పటి నుండి ముసాఫిర్ అవుతాడు. నాలుగు రకాతుల ఫర్జ్ అతనికి రెండు అవుతుంది. ఫజ్ర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. స్థానిక ఇమాము వెనుక నిలబడితే మాత్రం అతనితోపాటు పూర్తిగానే చదవాలి. మేము వెళ్ళవలసిన బేలం నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం కాబట్టి ఖసర్ మాకు వర్తించింది. "అయితే అల్లాహ్‌కు మన అలసట తెలుసన్నమాట" అన్నది మా అమ్మ.

సూర్యాస్తమయానికి ముందే గండికోట చేరాము. ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్నా నది ప్రవహించే గండి అంచున ఈ కోట ఉన్నది. ఆ గండి వల్లనే దానికి ఆ పేరు. దాదాపు 300 అడుగుల లోతున నీరు, రెండువైపులా ఎవరో పేర్చినట్లున్న ఎర్రని రాతి పలకలు. అంచున పిట్టగోడ వంటిదేమీ లేదు. పిల్లలను తీసుకువెళ్ళేవారు వారి చేయి విడవరాదు. మావాడు బిడ్డ చేయి పట్టుకోబోయాడు. ఆమె విడిపించుకొని వచ్చి నా వేలు పట్టుకొన్నది. వాడు ఏమీ అనక మా ఇద్దరికీ లోయకూ మధ్య నడిచాడు.

మరునాడు ఫజ్ర్ తరువాత కోట లోపలి జామియా మసీదు చూశాము. రెండు మినార్లు, విశాలమైన ప్రాంగణం. పక్కనే ధాన్యాగారం, కొంత దూరాన మాధవరాయ ఆలయ గోపురం. పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ఉన్న ఈ దుర్గాన్ని గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా సేనాని మీర్ జుమ్లా 1650లో గెలుచుకొన్నాడు. ఇరాన్ దేశం నుండి వచ్చి వజ్రాల వ్యాపారంతో ఐశ్వర్యవంతుడైన మనిషి అతడు. 1652లో ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే రత్నాలు చూపడానికి ఇక్కడికే వచ్చి అతనిని కలుసుకొన్నాడు. తరువాత మీర్ జుమ్లా మొగలుల కొలువులో చేరి, బెంగాలు సుబేదారై, 1663లో ఇక్కడికి ఎంతో దూరాన మరణించాడు. ఇదంతా నేను చెబుతుంటే మావాడు, "అయితే ఆయన కూడా పరదేశానికి సంపాదనకు వచ్చినవాడే కదా అబ్బా" అన్నాడు. "తిరిగి పోయాడా?" అని మా ఆవిడ అడిగింది. పోలేదని చెప్పాను. ఆమె మళ్ళీ మాట్లాడలేదు. మేము ధాన్యాగారం వైపు నడిచాము.

బేలం చేరేసరికి పదిన్నర అయింది. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని చదునైన పొలాల కింద ఈ గుహలు ఉన్నాయి. పైనుండి చూస్తే బావి వంటి గుంత తప్ప ఏమీ కనబడదు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1884లో వీటిని గురించి వ్రాశాడు. 1982, 83లలో జర్మనీ నుండి వచ్చిన బృందం లోపలి దారులను కొలిచింది. 2002 నుండి సందర్శకులను అనుమతిస్తున్నారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో దాదాపు ఒకటిన్నర కిలోమీటరు మనం నడవవచ్చు.

మెట్లు చూడగానే మా అమ్మ కుర్చీ అడిగింది. మోకాళ్ళ నొప్పులతో ఆమె దిగలేదు. సహజంగానే మా ఆవిడ ఆమె పక్కన కూర్చోబోయింది. పెళ్ళయిన నాటి నుండి ఆమె స్థానం అదే కదా. మా అమ్మ తస్బీహ్ చేతికి తీసుకొంటూ, "నాకు తోడు అల్లాహ్ ఉన్నాడు, ఈ ఫ్లాస్కు ఉంది. నువ్వు పో బేటీ. చూసి వచ్చి నాకు అంతా చెప్పు, ఒక్కటీ వదలకుండా" అన్నది. ముప్పై ఏళ్ళలో అత్తగారు తనను ఇంతగా బలవంతపెట్టిన సందర్భం మరొకటి లేదని మా ఆవిడ తరువాత నాతో చెప్పింది.

లోపల ఉక్కపోత. సున్నపురాయిని నీరు లక్షల ఏళ్ళు కరిగిస్తూ పోతే ఏర్పడిన దారులు అవి. పై నుండి వ్రేలాడే రాతి ఊడలు, కింది నుండి లేచిన రాతి స్తంభాలు అన్నీ బొట్టు బొట్టుగా దిగిన సున్నమే. తడితే స్వరాలు పలికే రాళ్ళున్న గదిని సప్తస్వర గుహ అంటారు. అన్నిటికంటే లోతైన చోట పాతాళగంగ అనే సన్నని నీటిధార కనబడి, నేలలోకే మాయమవుతుంది. భూమిలో సంచరించి సృష్టిని గమనించమని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల పిలుపునిచ్చింది. ఆ పిలుపును నేను వందలసార్లు బోధించాను. ఆ రోజు దానిని నా చెప్పుల కింద తడిగా తాకి చూశాను.

పాతాళగంగకు దిగే దారి ఇరుకు. ఒకచోట వంగి దాటాలి. బిడ్డ నా చేతుల్లో ఉంది. నా నడుము అంతగా వంగదు. ముందుగా దాటిన మావాడు అవతల నుండి చేతులు చాచాడు. వెలుతురు తక్కువగా ఉన్న ఆ సందులో ఆమె ఒకసారి నా వైపు, ఒకసారి వాడి వైపు చూసింది. ఏడుస్తుందనుకొన్నాము. ఏడవలేదు. వాడి మెడ చుట్టూ చేతులు వేసి ముఖం దాచుకొని, "అబ్బా, పట్టుకో" అన్నది. ఫోనులో పిలిచే పిలుపే అది. మావాడు సమాధానం చెప్పలేకపోయాడు. బయటికి వచ్చేవరకు ఆమె దిగలేదు, వాడు దింపలేదు. పైన మా అమ్మ అది చూసి తస్బీహ్‌ను కళ్ళకు అద్దుకొన్నది.

దారిలో ఒక ఊరి మసీదులో జుమా చదివాము. ముసాఫిర్‌కు జుమా విధి కాదు గాని, చదివితే జుహర్ బదులు సరిపోతుంది. వెంట తెచ్చుకొన్న రొట్టెలు, ఖీమా వేపచెట్టు కింద తిన్నాము. ఇల్లు చేరేదాకా మా ఆవిడ అత్తగారికి గుహ అంతా చెబుతూనే ఉన్నది. అద్దె, డీజిల్, గదులు, టిక్కెట్లు కలిపి 9,600 రూపాయలైంది. పైకప్పు పని వచ్చే నెలకు వాయిదా పడింది.

మావాడు వెళ్ళిపోయి మూడు వారాలైంది. విమానాశ్రయానికి పోయే బండి దగ్గర బిడ్డ గట్టిగా ఏడ్చింది. ఇంటి నుండి తండ్రి వెళ్ళిపోతున్నాడని ఆమె ఏడవడం అదే మొదటిసారి. ఆ ఏడుపు మాకు బరువే. కానీ మా కోడలు, "ఏడవనివ్వండి మామయ్యా, ఆయన కోసమే కదా" అన్నది.

గల్ఫ్‌లో బిడ్డలున్న సోదరీసోదరులారా, వారి సెలవు దినాల పట్టిక వేసేటప్పుడు బ్యాంకుకు, బంధువులకు ముందు రెండు రోజులు భార్యాబిడ్డల పేర వ్రాయండి. గండికోటే కానక్కరలేదు, దగ్గరలోని చెరువు గట్టు అయినా చాలు. ఇంటి ముసలివారిని వెంట తీసుకుపోండి. మన ఇళ్ళ ఆడవాళ్ళు పెళ్ళికి, చావుకు తప్ప గడప దాటని స్థితిని కొంతైనా మార్చండి. దూరాన ఉన్న మన బిడ్డలను అల్లాహ్ క్షేమంగా ఉంచి, క్షేమంగా ఇళ్ళకు చేర్చుగాక. ఆమీన్.