పత్తిచేలో తెరచిన పుస్తకము

పల్నాటి సీమలో కార్తికమాసము వచ్చుసరికి నల్లరేగడి చేలు తెల్లని పంటతో నిండును. కూలివారు తెల్లవారకమునుపే సద్దిమూటలతో చేలకు చేరుదురు. నడుమునకు ఒడి కట్టుకొని, సాళ్ళవెంట వంగి నడచుచు, పగిలిన కాయలనుండి పత్తి తీయుదురు. పొద్దు వాలిన పిమ్మట గట్టుమీద కాటా వేయుదురు. ఎవరు ఎన్ని కిలోలు తీసిరో వారికి అంత కూలి.

గురజాల చెంతనున్న యొక గ్రామమున ఎనిమిదవ తరగతి చదువుచున్న రైతుబిడ్డ యొకతె, సెలవుదినమున తమ చేనికి పోవుచు ఒక పుస్తకమును వెంట తీసికొనిపోయెను. అలెక్స్ హేలీ అను నల్లజాతి రచయిత ఆంగ్లమున వ్రాయగా 1976లో వెలువడిన ‘రూట్స్’ అను గ్రంథమునకు సహవాసి చేసిన తెలుగుసేత అది. దాని పేరు ‘ఏడు తరాలు’. గ్రంథాలయాధికారి దానిని ఆ బాలిక చేతికిచ్చుచు, “కథ బాగున్నదా లేదా అని నేనడుగను. చదివిన పిమ్మట నీలో ఏమి మారినదో చెప్పుము” అనెను.

మధ్యాహ్నమున కూలివారు వేపచెట్టు నీడను సద్దులు విప్పిరి. బాలిక వారికి వినబడునట్లు చదువసాగెను. ఆఫ్రికాలోని గాంబియా దేశమున జఫూరె అను పల్లె. అందు కుంటా కింటే అను యువకుడు. మద్దెల చేసికొనుటకై కొయ్య తెచ్చుటకు అడవికి పోయిన వానిని దొంగలు పట్టి, గొలుసులతో బంధించి, ఓడ నెక్కించి అమెరికాలో అమ్మివేసిరి. కొన్నవాడు వానికి వేరొక పేరు పెట్టెను. వాడు మాత్రము తన పేరును మరువక, తన బిడ్డకు దానిని చెప్పెను. ఆ బిడ్డ తన బిడ్డకు చెప్పెను. ఇట్లు తరతరములుగా ఆ పేరు నిలిచెను. హేలీ రచనలో చరిత్రయు కల్పనయు కలిసియున్నవి. కాని ఓడలు కల్పన కావు. సుమారు నాలుగు శతాబ్దములలో కోటి ఇరువదియైదు లక్షలమంది ఆఫ్రికనులను ఆ ఓడలలో తరలించిరని చరిత్రకారుల అంచనా.

బాలిక కన్నులు చెమర్చినవి. పత్తి తీయు అవ్వ యొకతె అంతయు విని, “అమ్మాయిగారూ, వారిచేత ఏమి పని చేయించిరి?” అని యడిగెను.

“పత్తి తీయించిరి, అవ్వా.”

“అక్కడను కాటా ఉండెనా?”

ఈ ప్రశ్నకు బాలిక బదులు చెప్పలేకపోయెను. పుస్తకములవలన కలుగు మొదటి మేలు ఇదియే. ఒక పుస్తకము లేవనెత్తిన ప్రశ్నకు బదులు వేరొక పుస్తకమున వెదకవలసి వచ్చును.

అక్కడను కాటా ఉండెను. సాలమన్ నార్తప్ అనునతడు న్యూయార్కు రాష్ట్రమున స్వతంత్రుడుగా పుట్టినవాడు. 1841లో మోసగాండ్రు అతనిని అపహరించి బానిసగా అమ్మగా, లూసియానా చేలలో పండ్రెండేండ్లు మ్రగ్గెను. విడుదలయైన పిమ్మట 1853లో తన కథను గ్రంథముగా ప్రకటించెను. రోజునకు రెండువందల పౌనులు, అనగా సుమారు తొంబది కిలోల పత్తి తీయవలెను. సాయంకాలమున తూకము తగ్గినచో కొరడా దెబ్బలు; పెరిగినచో మరునాటినుండి అంతయు తీయవలసినదే. కావున గంప నెత్తుకొని కాటా దగ్గరకు పోవునప్పుడు భయపడని బానిస లేడని అతడు చెప్పెను.

ఆ పత్తికిని భారతదేశమునకును సంబంధము లేకపోలేదు. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగెను. దక్షిణ రాష్ట్రముల రేవులు మూతపడగా ఇంగ్లండులోని మిల్లులకు పత్తి కరవాయెను. అప్పుడు వర్తకులు భారతదేశపు పత్తికొరకు ఎగబడిరి, ధర ఆకాశమునంటెను. యుద్ధము ముగియగానే ధర పడిపోయి ఇచ్చటి రైతులు నష్టపడిరి. 1865లోనే రాజ్యాంగ సవరణముచే అమెరికాలో బానిసత్వము రద్దాయెను.

చదువు విలువ నెరుగగోరువారు ఫ్రెడరిక్ డగ్లస్ తన జీవితమును గూర్చి 1845లో ప్రకటించిన గ్రంథమును చదువవలెను. బానిసకు అక్షరములు నేర్పరాదని యజమాని తన భార్యను వారించెను. ఆ మాట విన్న బాలుడు, విముక్తికి దారి చదువేయని గ్రహించెను. వీథిలోని పేద తెల్లబాలురకు రొట్టెముక్కలిచ్చి, వారివలన పాఠము చెప్పించుకొనెను.

అయినను నల్లవారి చరిత్ర ఓడలతో మొదలైనదని తలపరాదు. నైజీరియా రచయిత చినువా అచీబి 1958లో ప్రకటించిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ అను నవలలో ఆఫ్రికా పల్లె యొకటి కనబడును. అందు పంటలు, పండుగలు, పెద్దల తీర్పులు, మాటకొక సామెత కలవు. దానిని చదివిన పల్నాటి బాలునకు తన ఊరి రచ్చబండ జ్ఞప్తికి రాకమానదు.

చేనిలో అవ్వ మరియొక మాట చెప్పెను. “పాపము, దూరదేశపువారికొరకు కన్నీరు పెట్టితిరి. నా చిన్నతనమున ఈ ఊరి బావివద్ద మేము దోసిలి పట్టి నిలువగా పైనుండి నీళ్ళు పోసెడివారు. నేటికిని మీ యింటిలో నాకు వేరు గ్లాసు కలదు కదా, అమ్మాయిగారూ!” ఆమె నిష్ఠురముగా పలుకలేదు, ఉన్నమాట చెప్పినది. బాలిక తల వంచుకొనెను.

1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము అంటరానితనమును రద్దుచేసెను. కాని శాసనము గడప వరకు వచ్చును. గడప దాటి లోనికి రావలసినది మనుష్యుని బుద్ధి. 1959లో మార్టిన్ లూథర్ కింగ్ భారతదేశమునకు వచ్చినప్పుడు, కేరళలోని యొక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికానుండి వచ్చిన అంటరానివానిగా పిల్లలకు పరిచయము చేసెను. ఆయన మొదట నొచ్చుకొనెను. పిమ్మట ఆలోచించి, ఆ మాట నిజమేయని ఒప్పుకొనెను.

ఈ సత్యమును చెప్పిన మహాకవి పల్నాటిలోనే పుట్టెను. గుఱ్ఱం జాషువ 1895లో వినుకొండలో జన్మించెను. పేదరికము, కులమతభేదము అను ఇద్దరు తనకు గురువులని ఆయన చెప్పుకొనెను. 1941నాటి ‘గబ్బిలము’లో గుడి ప్రవేశము లేని నిరుపేద, గుడిలో వ్రేలాడు గబ్బిలముచేత కాశీనాథునికి తన మొర పంపుకొనును. 1932నాటి ‘ఫిరదౌసి’లో ఆయన పారసీక కవి గాథను తెలుగు పద్యములలో చెప్పెను. బంగారమిత్తునని మాట యిచ్చిన సుల్తాను వెండి పంపగా శ్రమ వృథయైన కవి దుఃఖమది. వినుకొండవాడు పారసీకుని దుఃఖమును తనదిగా చేసికొనగలిగినప్పుడు, పల్నాటి విద్యార్థికి లోకసాహిత్యము పరాయిది ఎట్లగును? అన్ని కులములవారిని ఒక్కచాపపై కూర్చుండబెట్టి బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టెనని చెప్పుకొను గడ్డ ఇది. కారెంపూడిలో ఏటేట వీరులను తలచు జనము ఆ చాపను గూడ తలచుట ఉచితము.

మరునాడు అవ్వ కూలికై వారి వాకిటికి రాగా, ఆ బాలిక ఇంటివారు త్రాగు గ్లాసుతోనే ఆమెకు మంచినీళ్ళిచ్చెను. అరుగుపై కూర్చున్న నాయనమ్మ చూచి ముఖము ముడుచుకొనెను. కాని ఏమియు అనలేదు. అవ్వ గ్లాసును రెండుచేతులతో అందుకొని, కొంతసేపు దానివంకనే చూచి, పిమ్మట త్రాగెను. వారము దినములకు నాయనమ్మయే వేరు గ్లాసును అటకపైకి చేర్చెను.

బాలిక పుస్తకమును తిరిగి యిచ్చుటకు పోగా గ్రంథాలయాధికారి, “ఏమి మారినది?” అని యడిగెను. ఆమె జరిగినదంతయు చెప్పి, ‘గబ్బిలము’ను అడిగి తీసికొని ఇంటికి పోయెను.